మోటారు ఎవరు ఆపుతారు?

పోయిన నెల మా బావమరిది హైదరాబాదు నుంచి ఒక వీడియో పంపాడు. తెల్లాపూర్‌లో కట్టుకుంటున్న విల్లాకి ఇంటీరియర్ డిజైనర్ చేసిచ్చిన త్రీడీ బొమ్మ అది. మొదటి అంతస్తులో హోమ్ థియేటర్ పక్క గోడంతా ఒకే గాజు, అక్వేరియం. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు. లోపల రంగురంగుల పగడాలు, వాటి మధ్య పసుపు చేపలు, నీలం చేపలు, వెనకాల వీణ సంగీతం. కింద మెసేజి: "బావా, మీ దానికంటే పెద్దది. ఎలా ఉంది?"

బాగుంది అని రాశాను. తర్వాత ఆ వీడియోని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను, ఎక్కడైనా ఒక్క పైపు కనిపిస్తుందేమోనని. పైపు లేదు, ప్లగ్గు లేదు. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో, ఎక్కడికి పోతాయో తెలియదు. గోడలోంచి సముద్రం మొలిచినట్టుంది.

నాకున్నదీ అలాంటిదే. డాలస్‌కి ఉత్తరాన ఒక సబర్బ్‌లో, ఎనిమిది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తున్న రీఫ్ ట్యాంకు, అంటే బతికున్న పగడాలు పెంచే ఉప్పునీళ్ళ తొట్టె. అరవై ఘనపుటడుగులు, అంటే దాదాపు 1,700 లీటర్లు. వెనక గదిలో సంపులో ఇంకో 400. దాన్ని 2020లో నింపాను. అప్పటినుంచి ఎవరైనా "పెద్ద ట్యాంకు పెడదామనుకుంటున్నా" అంటే నేను చెప్పేది ఒక్కటే. అది నాకు తట్టింది కాదు, మా నాన్నది.

నాన్న కాకినాడ మునిసిపల్ వాటర్ వర్క్స్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు పంపు ఆపరేటరుగా చేశారు. 2019 వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు నా డ్రాయింగు చూపించాను. హాల్లోకి గాజు, పక్కన మెట్ల కింద గదిలో మిషన్లు. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. చేపలేవీ అని అడగలేదు. "కరెంటు పోతే పైన నీళ్ళు ఎంత కిందకి దిగుతాయి? దిగినన్ని పట్టే చోటుందా? మీరు ఊళ్ళో లేనప్పుడు మోటారు ఎవరు ఆపుతారు?" అన్నారు.

"ఇక్కడ కరెంటు పోదు నాన్నా" అన్నాను నవ్వుతూ.

ఆయన డ్రాయింగు మడిచి ఇచ్చేశారు. ఆ నవ్వు నాకు చాలా ఖరీదైంది. ఆ ఖరీదు సంగతి తర్వాత చెప్తాను.

సంపు తెలిసినవాళ్ళకి సగం తెలిసినట్టే

రీఫ్ ట్యాంకు గురించి మనవాళ్ళకి చెప్పడం తేలిక. మనిళ్ళలో అందరికీ సంపు తెలుసు, పైన ట్యాంకు తెలుసు, మధ్యలో మోటారు తెలుసు. మేడమీద ట్యాంకు నిండి గోడమీంచి నీళ్ళు కారుతుంటే పక్కింటావిడ "మీ మోటారు ఆపండీ" అని కేకెయ్యడం తెలుసు. రీఫ్ ట్యాంకు అచ్చం అదే, తలకిందులుగా. హాల్లో మనం చూసేది పైన ట్యాంకు. అందులో నీళ్ళు ఎప్పుడూ పొంగి ఓవర్‌ఫ్లో పైపులోంచి కింద సంపులోకి దిగుతూనే ఉండాలి. సంపులో మురికి తీసేసి, వెచ్చబెట్టి, మోటారు మళ్ళీ పైకి తోస్తుంది. మేడమీద పొంగితే తప్పు, ఇక్కడ పొంగకపోతే తప్పు.

మురికి తీసే ప్రొటీన్ స్కిమ్మర్ కూడా వంటింటి పనే చేస్తుంది. బెల్లం పాకం పొంగేటప్పుడు పైకొచ్చే తెట్టు గరిటెతో తీస్తాం కదా. ఉప్పునీళ్ళలోకి సన్నటి గాలి బుడగలు వదిలితే చేపల వ్యర్థాలు ఆ బుడగలకు అంటుకుని నురగలా పైకొస్తాయి. ఆ నురగ పట్టే గిన్నెను వారానికి రెండుసార్లు కడుగుతాను. వాసన గురించి రాయను.

ఇప్పుడు మోటారు ఆగిందనుకోండి. పైన నీళ్ళు ఓవర్‌ఫ్లో అంచు దాకా దిగి ఆగిపోవాలి. కానీ రిటర్న్ పైపు మూతి నీళ్ళలో మునిగి ఉంటుంది. మోటారు ఆగగానే ఆ పైపే వెనక్కి పీల్చడం మొదలెడుతుంది, మూతికి గాలి తగిలేదాకా. నా ట్యాంకు పైభాగం ఇరవై నాలుగు చదరపుటడుగులు. ఒక్క అంగుళం దిగితే 57 లీటర్లు. నేను ఆ మూతిని అందం కోసం అయిదంగుళాల లోతున పెట్టాను, పైనుంచి కనబడకూడదని. 57ని అయిదుతో గుణిస్తే 285. సంపులో ఖాళీ 150. ఈ లెక్కకి ఇంజినీరు అక్కర్లేదు, అయిదో తరగతి చాలు. నేను చెయ్యలేదు. మామూలు నీళ్ళతో మొదటిసారి నింపి మోటారు ఆపి చూసినరోజు మిగతా 135 లీటర్లూ లాండ్రీ గదిలోకి నడిచి వెళ్ళాయి. మా ఆవిడ తుడుపు కర్ర చేతికిస్తూ, "ఇంకా ఉప్పు కలపలేదుగా, నయం" అంది.

మూతిని ముప్పావు అంగుళం లోతుకి తెచ్చాను. పైపుకి చిన్న కన్నం పెడితే గాలి పీల్చుకుని ఆగిపోతుందని చాలామంది చెప్తారు. ఆ కన్నంలో ఒక నత్త దూరితే అంతే. మా ట్యాంకులో నూటయాభై నత్తలున్నాయి.

అందుకే నా వాదన ఇది. పెద్ద ట్యాంకు గీయడం గాజు దగ్గర మొదలెట్టకూడదు, అన్నీ ఆగిపోయిన గంట దగ్గర మొదలెట్టాలి. ఇంట్లో ఎవరూ లేరు, కరెంటు లేదు, నీళ్ళు తమంతట తాము ఎక్కడికి పోతాయి, ఎక్కడ ఆగుతాయి, ఊపిరి ఎంతసేపు ఉంటుంది? దానికి జవాబు దొరికాక ఎంత గాజు మిగిలితే అంత ట్యాంకు. మా బావమరిది బొమ్మలో సున్నా మిగులుతుంది, ఎందుకంటే వెనక గదే లేదు.

బరువు, నేల, నీళ్ళు

అతనిది మొదటి అంతస్తు కాబట్టి బరువు గురించి ఒక మాట. పదీ నాలుగూ మూడూ గుణిస్తే 120 ఘనపుటడుగులు, సుమారు 3,400 లీటర్లు. గాజు, రాళ్ళు, స్టాండు కలిపితే నాలుగున్నర టన్నుల దాకా పోతుంది. అంటే చదరపు మీటరుకి 1,200 కిలోలు. మన దేశంలో ఇళ్ళ గదులకి ఐఎస్ 875 అనే భవన ప్రమాణం ప్రకారం లెక్కవేసే బరువు చదరపు మీటరుకి దాదాపు 200 కిలోలు. ఇదే చెప్తే అతను "పెళ్ళికి వందమంది హాల్లో నిలబడరా బావా?" అన్నాడు. వందమంది ఒక పూట నిలబడి భోజనం చేసి వెళ్ళిపోతారు. ఇది పదేళ్ళు ఒకేచోట నిలబడుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం లేకుండా ఒక్క ఇటుక కూడా కదపొద్దన్నాను.

మాది నేలమీది స్లాబు. బరువు బెంగ లేదు కానీ ఇంకోటుంది. ఉత్తర టెక్సాస్‌లో నల్లరేగడిలాంటి బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, పునాది కదులుతుంది. అందుకని ఎండాకాలం ఇంటి చుట్టూ కన్నాల గొట్టం పరిచి పునాదికి నీళ్ళు పెడతారు. "ఇంటికి నీళ్ళు పోసి పెంచుతార్రా?" అని నాన్న ఆశ్చర్యపోయారు. ఎనిమిదడుగుల గాజుపెట్టె కింద నేల ఒక పక్క ఒరిగితే సిలికాన్ అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. స్టాండు వేసినరోజు రసమట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. ఇప్పటికీ నెలకోసారి చూస్తాను. స్లాబు లోపల బిగించిన ఉక్కు తీగలుంటాయి కాబట్టి పైపు కోసం నేలకి కన్నం పెట్టే ధైర్యం చెయ్యలేదు, పైపులన్నీ గోడలోంచే తెచ్చాను.

ట్యాంకు ఇంట్లోకి వచ్చినరోజు గురించి పెద్దగా చెప్పను. 19 మిల్లీమీటర్ల గాజు, 350 కిలోలు. ముందు తలుపులోంచి పట్టదని ముందురోజు రాత్రి తెలిసింది. పెరట్లోని జరుపుడు తలుపుల చట్రం ఊడదీశాం. బిర్యానీ ఆశ చూపించి పిలిచిన పదిమంది మిత్రుల్లో ఇద్దరికి గాజును చూడగానే నడుంనొప్పి వచ్చింది.

నీళ్ళు మాత్రం నిదానంగా చెప్పుకోవాలి. కుళాయి నీళ్ళు పనికిరావు. ఆర్వో, దాని తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్, చివర మీటరులో టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) సున్నా చూపించాలి. నా ఆర్వో రోజుకి 75 గ్యాలన్లది, అంటే 284 లీటర్లు. 2,100 లీటర్లకి పగలూ రాత్రీ నడిచినా ఏడున్నర రోజులు. లీటరు మంచినీళ్ళకి మూడు లీటర్లకు పైగా వృథా పోతాయి. వాటిని పునాదికి మళ్ళించాను. నాన్న ఈ ఒక్క ఏర్పాటుకి మెచ్చుకున్నారు. మాకు నీళ్ళిచ్చే నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏడాదంతా క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) వాడుతుంది, వసంతంలో కొన్ని వారాలు మాత్రం మామూలు క్లోరిన్‌కి మారుతుంది. ఆ సంగతి తెలియకపోతే ఫిల్టర్లు ఎప్పుడు మార్చాలో తెలియదు. ఉప్పు 80 కిలోలు పట్టింది. లీటరుకి 35 గ్రాముల ఉప్పదనం, 25 డిగ్రీల వేడి, ఆల్కలినిటీ (నీళ్ళ క్షారత్వం) ఎనిమిది, కాల్షియం లీటరుకి 420 మిల్లీగ్రాములు. ఈ అంకెలు మా ఇంట్లో పాలవాడి లెక్కలా ఫ్రిజ్ మీద రాసి ఉంటాయి.

రాతి పగడం తన అస్థిపంజరాన్ని కాల్షియం కార్బనేటుతో కట్టుకుంటుంది. అందుకని రోజూ కాల్షియం అందించాలి. దానికి వాడే 'కాల్క్‌వాసర్' అన్న జర్మన్ పేరు విని మొదట భయపడ్డాను. తీరా చూస్తే సున్నపు తేట! తాంబూలంలో రాసుకునే సున్నమే, శుద్ధమైనది. నీళ్ళలో కలిపి, మడ్డి కిందకి దిగాక పైన తేరిన తేటని రాత్రంతా చుక్కలుచుక్కలుగా పోస్తాను. మా అమ్మమ్మ సున్నం బుడ్డి గుర్తొస్తుంది. ఎక్కువైతే నోరు పొక్కినట్టే ఇక్కడా పీహెచ్ ఒక్కసారి పెరిగిపోయి నీళ్ళు తెల్లబారతాయి.

2021 ఫిబ్రవరి 15

ఆ ఆదివారం మంచు పడింది. తెల్లవారితే సోమవారం, రాత్రి రెండు గంటలకి ఇంట్లో ఏదో తేడా అనిపించి లేచాను. చప్పుడు లేదు. ట్యాంకున్న ఇంట్లో ఎప్పుడూ ఒక సన్నటి హోరు ఉంటుంది, అది ఆగితే నిద్రలోనైనా తెలుస్తుంది.

టెక్సాస్ గ్రిడ్ కుప్పకూలకుండా ఆ రాత్రి ఒంటిగంట దాటాక కరెంటు కోతలు మొదలయ్యాయి. గంటా రెండు గంటల్లో వస్తుందనుకున్నాం. మాకు ముప్ఫై గంటల్లో రెండుసార్లు వచ్చింది, అరగంట చొప్పున. మర్నాడు డాలస్‌లో మైనస్ 19 సెల్సియస్. ఇంట్లో ఎనిమిది డిగ్రీలు. పాలు ఫ్రిజ్‌లోంచి తీసి పెరట్లో మంచులో పెట్టుకున్నాం.

సంపు పొంగలేదు. ఆ పరీక్ష ముందే ఫెయిలయ్యాను కాబట్టి ఈసారి పాసయ్యాను. కానీ ఊపిరి గురించి ఆలోచించలేదు. కరెంటు పోతే ముందు చంపేది చలి కాదు, నీళ్ళు కదలకపోవడం. పైన అలలు లేకపోతే ఆక్సిజన్ కలవదు. నాలుగు గంటలకే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కారు వాకిట్లో పెట్టి స్టార్ట్ చేసి, దానికి చిన్న ఇన్వర్టరు తగిలించి, కిటికీలోంచి వైరు లాగి, ట్యాంకులో అలలు పుట్టించే వేవ్ పంపు ఒక్కటి నడిపాను. (గరాజ్‌లో పెట్టలేదు. ఆ వారం టెక్సాస్‌లో కారు పొగ, జనరేటర్ పొగ ఇళ్ళలోకి పట్టి మనుషులు పోయారు.) గాజు చుట్టూ రగ్గులు, దుప్పట్లు, మా అమ్మ పంపిన బొంత. గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి నీళ్ళు కాచి, రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ట్యాంకులో తేలేశాం. ఒక డిగ్రీ పెరగాలంటే పదిహేను సీసాలు. మేం పదిహేను సీసాలు కాచేలోపు ఒక డిగ్రీ పోయేది. గంటకి పావు డిగ్రీ చొప్పున 25న్నర నుంచి 19కి వచ్చి ఆగింది.

మంగళవారం పొద్దున నాన్న ఫోన్ చేశారు. అక్కడ టీవీలో చూశారట. పిల్లలెలా ఉన్నారని అడిగారు, మీకు తిండికేం ఇబ్బంది లేదు కదా అన్నారు. ట్యాంకు గురించి ఎత్తలేదు. చివర్లో నేనే, "మోటారు ఆగింది నాన్నా" అన్నాను. "ఊఁ" అన్నారు.

పోయింది ఆరు ఎక్రోపోరా పగడపు ముక్కలు, ఒక యాంథియాస్ చేప. నాలుగు నెలల ట్యాంకు కాబట్టి పోవడానికి అంతకంటే లేదు. ఈ రోజు అదే జరిగితే అయిదేళ్ళ పగడాలు పోతాయి.

పెద్దదైతే భద్రమా?

ఈ రంగంలో అందరూ చెప్పే మాట ఒకటుంది. ట్యాంకు ఎంత పెద్దదైతే అంత తేలిక, నీళ్ళు ఎక్కువుంటే ఏ మార్పైనా నెమ్మదిగా వస్తుంది అని. ఆ ఫిబ్రవరి రాత్రి అది నిజమని నా కళ్ళారా చూశాను. నలభై లీటర్ల గాజుతొట్టె ఉంటే తెల్లారేసరికి గది చలికి సమానమయ్యేది. నా దాంట్లో డిగ్రీ తగ్గడానికి నాలుగు గంటలు పట్టింది.

కానీ ఆ మాటలో సగమే చెప్తారు. నెమ్మదిగా చెడేది నెమ్మదిగానే బాగవుతుంది. ఫాస్ఫేటు పెరిగితే అయిదో వంతు నీళ్ళు మార్చాలి, నాకు అయిదో వంతంటే 420 లీటర్లు, పదహారు కిలోల ఉప్పు, రోజున్నర ఆర్వో. ఒక చేపకి తెల్లమచ్చ తెగులు తగిలితే ఆ పరాన్నజీవి పోయేదాకా చేపలన్నిటినీ తీసి వేరే తొట్టెలో పెట్టి, పెద్ద ట్యాంకుని చేపల్లేకుండా 76 రోజులు ఉంచాలని రీఫ్ ట్యాంకులవాళ్ళ లెక్క. రాళ్ళ సందుల్లో ఈదే పద్దెనిమిది చేపల్ని పట్టడం ఎలాగో నాకు చూపించండి. అందుకే ఇప్పుడు కొత్త చేప ఏదైనా ముందు క్వారంటైన్ తొట్టెలో ఉండి రావాల్సిందే, దాని ధర ఎంతైనా, అది ఎంత ఆరోగ్యంగా కనబడినా.

మా ఊరి రీఫ్ క్లబ్బులో ఒక రిటైర్డ్ పెద్దాయన ఉన్నారు. నూట ఇరవై లీటర్ల తొట్టె, ఒక లైటు, ఒక పంపు, వారానికో బకెట్టు నీళ్ళు మార్చడం, పన్నెండేళ్ళుగా అంతే. ఫిబ్రవరి తుపానులో ఏం చేశారని అడిగితే, కుర్చీ వేసుక్కూర్చుని గరిటెతో తిప్పానన్నారు. పదినిమిషాలకోసారి, రాత్రంతా. దుప్పటి కప్పి కొవ్వొత్తుల వేడి పెట్టారట. ఒక్క పగడం పోలేదు. నా బ్యాటరీలు, సెన్సర్ల గురించి విని, "ఇంత భయపడేవాడివి ఎందుకు పెట్టుకున్నావు?" అని అడిగారు.

దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ట్యాంగ్ చేపలు ఈదడానికి పొడవు కావాలి, పగడం పూర్తిగా పెరగడానికి చోటు కావాలి, ఇవి నిజాలే. అయినా నేను పెద్దది పెట్టింది చేపల కోసమేనని ప్రమాణం చెయ్యలేను. పైపులు, వాల్వులు, మీటర్లు ఉన్న ఆ వెనక గదిలో కూర్చుంటే నాకు బాగుంటుంది. చిన్నప్పుడు నాన్నకి క్యారియర్ తీసుకెళ్ళినప్పుడు పంపు హౌస్‌లో కూర్చున్నట్టుంటుంది.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది, అది ఇంకా గట్టిది. భద్రత కోసం పెట్టే ప్రతి మిషనూ చెడిపోయే మరో మిషనే. ఆవిరైన నీళ్ళని భర్తీ చెయ్యడానికి ఆటో టాప్ ఆఫ్ పెడతాం, రోజుకి ఇరవై లీటర్ల దాకా పోస్తుంది. దాని సెన్సర్ మీద ఒక నత్త కూర్చుంటే ఆగకుండా పోస్తూనే ఉంటుంది, ఉప్పదనం పడిపోతుంది. హీటరు ఆగిపోతే చలి, ఆగకుండా మండితే ట్యాంకంతా చేపల పులుసు. నా దగ్గర కంట్రోలర్ ఉంది, అది ఫోన్‌కి మెసేజి పంపుతుంది, వైఫై ఉంటే. తుపాను రాత్రి దానికే కరెంటు లేదు.

కాబట్టి నేను చేరుకున్న చోటు మిషన్లు పెంచడం కాదు. ఆగిపోయినా పెద్దగా హాని చెయ్యలేని మిషన్లు పెట్టడం. ఒక పెద్ద హీటరు బదులు నాలుగు చిన్నవి, ఏ ఒక్కటీ ఆగకుండా మండినా ట్యాంకుని ఉడికించలేనంత చిన్నవి. టాప్ ఆఫ్ నీళ్ళ డబ్బా అరవై లీటర్లదే, మొత్తం ఒక్కసారి పోసినా పగడాలు తట్టుకోగలిగినంత. దాన్ని మూడు రోజులకోసారి నింపాలి, విసుగే. ఓవర్‌ఫ్లోకి ఒకటి కాదు మూడు పైపులు: ఒకటి పనిచేసేది, ఒకటి దానికి తోడు, మూడోది ఎప్పుడూ పొడిగా ఉండేది. ఆ మూడోదాంట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తే ఏదో అడ్డుపడిందని అర్థం. అయిదు యూనిట్ల బ్యాటరీ వేవ్ పంపులకి మాత్రమే, రెండు రోజులు ఊపిరి నిలుపుతుంది. వేడికి జనరేటరు. మూడు నెలలకోసారి నేనే మెయిన్ స్విచ్ దించేసి, కుర్చీ వేసుకుని, సంపులో నీళ్ళు ఎక్కడ ఆగుతాయో చూస్తాను.

2022 డిసెంబరు 16న బెర్లిన్‌లో ఆక్వాడోమ్ అనే పెద్ద అక్వేరియం పగిలినప్పుడు మా క్లబ్బువాళ్ళందరూ గాజు మందం గురించి, యాక్రిలిక్ అతుకుల గురించి మాట్లాడుకున్నారు. పది లక్షల లీటర్లు ఒక హోటల్ లాబీలోకి, సుమారు 1,500 చేపలు. తెల్లవారుజామున కాబట్టి లాబీలో జనం లేరు. ఇళ్ళలో ట్యాంకులు అలా పేలిపోవడం అరుదు. ఇళ్ళలో జరిగేది ఒక నత్త, ఒక సెన్సర్, ఒక సెలవు రోజు.

పగడాలు ఎవరివి?

ఇక్కడ నాకు నేనే సర్దిచెప్పుకోలేని సంగతొకటి ఉంది. కాకినాడలో పెరిగిన నేను చిన్నప్పుడు ఒక్క పగడపు దిబ్బ కూడా చూడలేదు. గోదావరి తెచ్చే ఒండ్రు, వరదనీళ్ళు కలిసే చోట దిబ్బ కట్టేంతగా పగడాలు పెరగవు, వాటికి తేటనీళ్ళు కావాలి. బతికున్న పగడాన్ని నేను మొదటిసారి చూసింది టెక్సాస్‌లో, సముద్రానికి నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో, ఒక దుకాణంలో నీలం లైటు కింద.

ఈ దేశంలో పగడాల్ని ముక్కలు చేసి పెంచుకోవడం మామూలే. మునక్కొమ్మ విరిచి పాతినట్టు, ఒక కొమ్మ కోసి రాయికి జిగురుతో అతికిస్తే ఏడాదికి గుబురవుతుంది. నా దాంట్లో సగం మిత్రుల ట్యాంకుల్లోంచి వచ్చినవే. చేపల విషయం వేరు. క్లౌన్ చేపలు తొట్టెల్లో పుట్టినవి దొరుకుతాయి. ఎల్లో ట్యాంగ్‌ని 2015లో హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ పెంచగలిగింది. 2017లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పర్యావరణ సమీక్ష లేకుండా చేపలు పట్టడం క్రమంగా ఆగాక, సముద్రంలోంచి చవకగా వచ్చే ఎల్లో ట్యాంగ్ పోయింది. మిగతా చాలా చేపలు ఇప్పటికీ వలల్లోంచి వచ్చేవే, కొన్నిచోట్ల సయనైడ్ చల్లి మత్తెక్కించి పట్టేవే. నా పద్దెనిమిదింటిలో ఏడు తొట్టెలో పుట్టినవి. మిగతా పదకొండు కావు.

క్లబ్బులో కొందరు మనం సముద్రాన్ని కాపాడుతున్నాం అంటారు. 2023 జులైలో ఫ్లోరిడా కీస్ దగ్గర మానటీ బేలో నీళ్ళ మీద తేలే ఒక కొలత పరికరం (బోయ్) మీద నీటి వేడి 38 డిగ్రీలు దాటింది, నర్సరీల్లోని పగడాల్ని ఎత్తి నేలమీది ట్యాంకుల్లోకి మార్చారు, 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా నాలుగోసారి బ్లీచింగ్ (వేడికి పగడాలు తెల్లబారడం) ప్రకటించారు, కాబట్టి మన ట్యాంకులు రేపటికి విత్తనాలని. నేను నమ్మను. ఆ ల్యాబుల్లో ప్రతి ముక్కకీ ఎక్కడిదో, ఏ తల్లిదో రాసి ఉంటుంది. నా ట్యాంకులో ఇండోనేసియా పక్కన ఆస్ట్రేలియా, దాని పక్కన ఎక్కడిదో ఎవరికీ తెలియనిది. వీటిని ఏ సముద్రంలోనూ తిరిగి వదలకూడదు. పైగా నెలకి ఆరు వందల యూనిట్ల కరెంటు. ఇది నా సరదా, దానికి వేరే పేరు పెట్టను.

ఇక మా బావమరిది. అతను ఉన్న దేశంలో 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులి ఉన్న షెడ్యూలు. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రలు కూడా. 2022 సవరణలో షెడ్యూళ్ళు మార్చి రాసినా పగడాలు మొదటిదాంట్లోనే ఉన్నాయి. ఇది చెప్తే, "షాపువాడు ఇంపోర్టెడ్ అన్నాడు బావా" అన్నాడు. రాతి పగడాలు అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందంలో ఉన్నాయి, ఇంపోర్టెడ్ అంటే కాగితాలుండాలి, కాగితాలడుగు అన్నాను. రెండు రోజులకి షాపువాడు ఫోన్ ఎత్తడం మానేశాడట.

"నా వేలికే పగడం ఉంది కదా, మరి దీన్నేం చెయ్యాలి?" అన్నాడు. కుజదోషానికి పెట్టుకున్న ఉంగరం అది. ఉంగరాల ఎర్ర పగడం దిబ్బలు కట్టే జాతి కాదు, అది వేరే వంశం అని చెప్పాను. అది తిన్నగా విన్నాడు, మిగతాదానికంటే శ్రద్ధగా.

నిన్న కొత్త డ్రాయింగు పంపాడు. ట్యాంకు కింద అంతస్తుకి దిగింది, ఆరడుగులకి తగ్గింది. వెనకాల ఎనిమిదీ ఆరూ గది, నేల వాలు డ్రెయిన్ వైపు, గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాను, ఇన్వర్టరు లైను వేరే. సంపులో ఖాళీ ఎంతో లీటర్లలో రాసి పంపాడు. నాన్నకి ఫార్వర్డ్ చేశాను. "వాల్వు చేతికి అందేలా లేదు" అని జవాబిచ్చారు, అంతే.

రాత్రి మళ్ళీ ఫోన్. "అన్నీ మీరు చెప్పినట్టే మార్చాను బావా. అక్కయ్య కూడా బాగుందంది. కానీ ఇంత చేశాక అందులో పగడాలే లేకపోతే ఎలా? చేపలు, రాళ్ళేనా?"

తమిళనాడులోని మండపం ఊళ్ళో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు క్లౌన్ చేపల్ని పెంచుతున్నారు, అక్కడినుంచి మొదలెట్టు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. వెనక నా సంపు హోరు అతనికి వినబడుతోందేమో, "మీ దాంట్లో అయితే ఉన్నాయి కదా" అన్నాడు.